బంగారు పళ్ళ కార్డు

సుందరలక్ష్మి కాఫీ గ్లాసు తెచ్చి భర్త ముందు పెట్టింది. ఎప్పటిలా "చల్లారిపోతాది, తాగండి" అనలేదు. పెట్టి, వెనక్కి తిరిగి వంటింట్లోకి పోయింది.

ముప్పై ఏళ్ళ కాపురంలో ఆమె అరిచిన రోజు ఒక్కటీ అనంతయ్యకు గుర్తు లేదు. మాట మానేసిన రోజులు మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పగలడు. అరిస్తే ఎదురు అరవవచ్చు. ఊరుకున్న మనిషికి ఏమని బదులు చెప్పేది?

కాఫీ గ్లాసు పట్టుకుని ముందు గదిలోకి చూశాడు. కొడుకు మంచం ఖాళీగా ఉంది. దుప్పటి నాలుగు మడతలు పెట్టి దిండు మీద ఉంచి పోయాడు. పుట్టి బుద్ధెరిగిన ఇరవై ఏళ్ళలో ఏనాడూ దుప్పటి మడిచి ఎరుగనివాడు ఇవాళ మడిచి పెట్టాడంటే మాటలా? మొదటి బస్సుకు కడప పోయాడని పాలాయన చెప్పాడు.

నిన్న సాయంత్రం జరిగిన గొడవ అలాంటిది. కూతురు హిమబిందు కంప్యూటరు సోమవారం నుంచి మొరాయిస్తోంది. అందులో కొడుకు నాగచైతన్య తుపాకుల ఆటలు ఆడబట్టే చెడిపోయిందని అనంతయ్య తేల్చేశాడు. బొమ్మలు బాగా కదలడానికని కొత్త కార్డు బిగించాక తాను కంప్యూటరును ముట్టుకోనే లేదన్నాడు వాడు. తల్లి మీద ఒట్టేశాడు. వాడు ఒట్టేసే కొద్దీ ఈయనకు కోపం ఎక్కింది. "అక్క నోటికాడి కూడు చెడగొట్టినోనివి, నీకు ఈ ఇంట్లో ఏం పని?" అన్నాడు. నోరు జారితే తీసుకోలేమంటారు. తీసుకోవాలనిపించేసరికి బస్సు మైదుకూరు దాటిపోయింది.

మేడ మీద గదిలో హిమబిందు పొద్దున్నుంచీ తెర ముందు నుంచి లేవలేదు. ఆమె బాధ వేరు. హైదరాబాదులో ఏడాది పాటు కంప్యూటరు బొమ్మల చదువు చదివి వచ్చిన పిల్ల. ఆటలు తయారుచేసే కంపెనీ ఒకటి ఆమెకు పరీక్ష పెట్టింది. ఒక రాజుగారి ఖజానా గది తయారుచేయాలి. ఆట ఆడేవాడు ఆ గదిలో తిరుగుతూ, ఏ నగనైనా చేతికి తీసుకుని నాలుగు వైపులా తిప్పి చూడగలగాలి. శుక్రవారం సాయంత్రం అయిదింటికి అది సీడీలో హైదరాబాదు చేరి వాళ్ళ ఎదుట ఉంటే ఉద్యోగం ఇస్తారు. లేకపోతే వరుసలో ఆమె వెనకున్న వాళ్ళు శానామంది. ఇవాళ బుధవారం. రేపు రాత్రి బస్సు ఎక్కాలి.

ఆ ఖజానాలో నగలన్నీ అనంతయ్య అంగడివే. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళ వీధిలో ఆయనది చిన్న అంగడి, ముందు భాగం అంగడి, వెనకా పైనా ఇల్లు. వంకీలు, కంటెలు, కాసుల పేరు ఒక్కొక్కటే అద్దాల బీరువాలోంచి అడిగి తీసుకుని, కొలతలు రాసుకుని, మళ్ళీ భద్రంగా అప్పజెప్పింది. ఒకరోజు తెర మీద వడ్డాణం తిప్పి చూపిస్తే అనంతయ్య నోరు తెరుచుకుని చూశాడు. రాళ్ళ మీద వెలుగు కదులుతోంది. వెనక కొక్కెం కూడా ఉంది. దీని తూకమెంత అని అడిగాడు. తూకం లేదని కూతురు చెప్తే, తూకం లేని వడ్డాణం ఎవరి నడుముకని నవ్వాడు. నవ్వి, ఇంకొకసారి తిప్పమని తానే అడిగాడు. ఆ తరువాత నాలుగు రోజులూ ఏదో ఒక వంకన మేడెక్కి చూసి పోతూనే ఉన్నాడు.

ఆ వడ్డాణమే ఇప్పుడు తిరగడం లేదు. తిప్పబోతే తెర నిండా ఆకుపచ్చ చారలు పడి, అంతా బిగుసుకుపోతోంది.

తొమ్మిదింటికి అరుణ్ కుమార్ వచ్చాడు. బస్టాండు దగ్గర కంప్యూటర్లు బిగించి ఇచ్చే కుర్రాడు, ఈ కంప్యూటరూ వాడు బిగించిందే. అనంతయ్య అంగడి తెరవడం కూడా మరిచి వాడి వెనకే మేడెక్కాడు. కూతురి కష్టం ఒక కారణం. రెండోది, ఆ కంప్యూటరు డబ్బా లోపల ఏముందో చూడాలని ఆయనకు ఎన్నాళ్ళ నుంచో ఉంది.

అరుణ్ డబ్బా పక్క రేకు విప్పాడు. అనంతయ్య గడప దగ్గరి నుంచే మెడ సాచాడు. లోపల ఫ్యాన్లు ఉన్నాయి, ఒకటి కాదు, మూడు. ఎర్రవీ పసుపువీ తీగలు కట్టలుగా పోతున్నాయి. ఇంత చిన్నదానికి అన్ని ఫ్యాన్లెందుకని అడిగాడు. బొమ్మ కదలాలంటే క్షణానికి కోట్ల లెక్కలు చేయాలట, లెక్కలు చేస్తే వేడెక్కుతుందట. లెక్కలు చేస్తే వేడెక్కేది తన తల ఒక్కటే అనుకున్నాడు అనంతయ్య ఇన్నాళ్ళూ.

అరుణ్ పోయిన వారం వచ్చిన కొత్త గ్రాఫిక్స్ కార్డును బయటికి లాగాడు. అరచేయి కంటే పెద్ద పలక, దాని మీదా ఒక ఫ్యాను. కింది అంచున వరుసగా సన్నని పసుపుపచ్చ పళ్ళు. వాడు దాన్ని రెండు అంచుల దగ్గర మాత్రమే వేళ్ళతో పట్టుకుని వెలుగుకు ఎత్తి చూశాడు.

"ఈ పళ్ళు ఉండాయే అక్కా, వీటి మీద వేలు గూడా పెట్టగూడదు. బంగారు పూత. ఉల్లిపొరలో నూరో వంతు ఉండదు. దాని మీద గీత పడిందంటే కొన్నాళ్ళు పని చేస్తాది, వేడికి పొర లేస్తాది, ఇట్లనే చారలు పడతాయి."

అనంతయ్య చేతిలో కాఫీ గ్లాసు ఉంటే ఒలికేదే. అదృష్టం, కింద పెట్టి వచ్చాడు.

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. కొత్తగా ఏది కొన్నా ఒక రాత్రి లక్ష్మీదేవి పటం ముందు ఉండాలి. సైకిలు కొంటే సైకిలు పట్టక తాళంచెవి పెట్టారు. ఈ కార్డూ అట్టపెట్టెతో సహా పోయిన శుక్రవారం అక్కడే ఉంది. అంగడికీ ఒక పద్ధతి ఉంది. పచ్చగా మెరిసేది ఏదైనా సరే, గీటురాయిని ముట్టనిదే అనంతయ్య దాన్ని బంగారమనడు.

శనివారం తెల్లవారుజామున దీపం పెట్టడానికి పోయినవాడు పెట్టె మూత తీశాడు. ముందు రోజే కూతురు చెప్పింది, ఆ పళ్ళకు నిజమైన బంగారు పూత నాయనా అని. ప్లాస్టిక్కు సామాను చేసేవాళ్ళు బంగారం పూస్తారా అని ఆయన లోపల్లోపల నవ్వుకున్నాడు. కాసు బంగారం ఖరీదు పెట్టి కొన్న వస్తువు. చూద్దాం, పోయేదేముంది? అంగట్లోకి పోయి నల్లరాయి తెచ్చాడు. అంచును ఒకసారి ఆనించి గీశాడు. సన్నని పచ్చని గీత పడింది. దాని మీద యాసిడ్ చుక్క వేశాడు. గీత కరగలేదు. నిజం బంగారమే! పొద్దున్నే ఎంత సంతోషపడ్డాడో చెప్పలేం. ఆనవాలు కూడా లేకుండా కార్డును యథాప్రకారం పెట్టెలో పెట్టి మూత మూశాడు. నలభై ఏళ్ళుగా వేల నగలు గీశాడు, ఒక్క నగా చెడలేదు. ఇది నగ కాదన్న సంగతి ఆయనకు తట్టలేదు.

ఇప్పుడు తట్టింది. తేలు కుట్టిన దొంగలా గడపలో నిలబడిపోయాడు.

"ఎవరన్నా తాకినారా అక్కా దీన్ని?" అని అడిగాడు అరుణ్.

"ఎవరు తాకుతారు? పెట్టెలో నుంచి తీసింది నువ్వే గదా" అంది హిమబిందు.

అనంతయ్య నోరు విప్పబోయి మానుకున్నాడు. ఆ వీధిలో ఎవరికి ఏ తగాదా వచ్చినా అనంతయ్య రాయి మీద గీయించండి, ఆ రాయి అబద్ధమాడదు అంటారు. అలాంటి మనిషి నిన్న సాయంత్రమే కన్నకొడుకును దోషిగా తేల్చాడు. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని, నేనే అని చెప్పేది? కార్డును గుడ్డతో తుడిచి పెడితే అదే సర్దుకుంటుందేమో చూద్దామనుకున్నాడు.

అది సర్దుకోలేదు. అరుణ్ కార్డు తుడిచి మళ్ళీ బిగించాడు. చారలు మళ్ళీ పడ్డాయి. వాడు కాసేపు గడ్డం గోక్కున్నాడు. కార్డు కొత్తది, ఎవరూ తాకలేదంటున్నారు, పైకి గీతా కనబడటం లేదు, కాబట్టి లోపం కార్డుది కాదు. ఆటల సీడీల్లోంచి వైరస్ ఎక్కి ఉంటుంది. అంతా తుడిచేసి మొదటి నుంచి ఎక్కించాలి. అంతకు మించి దారి లేదని తేల్చాడు.

హిమబిందు మొహం తెల్లబోయింది. తాను చేసిన బొమ్మలు వేరే చోట దాచుకుంది, వాటికేం కాదు. కానీ వాటిని తెరిచే త్రీడీ సాఫ్ట్‌వేర్ పోతుంది. దాని సీడీ హైదరాబాదులో స్నేహితురాలి దగ్గర ఉంది. అది వచ్చేసరికి శుక్రవారం దాటిపోతుంది. ఇంకేదైనా చేయొచ్చా అని రెండుసార్లు అడిగింది. వాడు తల అడ్డంగా ఊపాడు. చారల తెరతో పరీక్ష ఎలాగూ పోతుంది, తుడిస్తే కనీసం కంప్యూటరైనా దక్కుతుందన్నాడు.

చివరికి ఆమె సరే కానీయమని చెయ్యి ఊపింది. కళ్ళు తుడుచుకోలేదు గానీ, చున్నీ కొసను వేలికి చుట్టుకుంటూ ఉంది. చిన్నప్పుడు పలక మీద లెక్క తప్పిపోతే అలాగే చేసేది.

అరుణ్ సీడీ పెట్టాడు. తెర నీలంగా మారింది. తెల్లని అక్షరాలు వచ్చాయి, ఉన్నదంతా తుడిచేయనా అని అడుగుతున్నాయి. వాడి వేలు మీట మీదికి పోయింది.

"ఆగబ్బీ" అన్నాడు అనంతయ్య.

ఇద్దరూ తిరిగి చూశారు. మెట్ల మీద అడుగుల చప్పుడయింది. సుందరలక్ష్మి అరుణ్‌కు కాఫీ తెస్తూ సగం మెట్ల మీద ఆగింది.

"తుడవొద్దు. వైరస్సూ లేదు, ఏం లేదు. ఆ పళ్ళు నేను గీసినా. శనివారం పొద్దున. గీటురాయి మీద."

అరుణ్ కుమార్‌కు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఎన్నో రకాలుగా చెడిన కార్డులు వాడు చూశాడు. ఎలుకలు కొరికినవి చూశాడు, పిడుగు పడినవి చూశాడు. గీటురాయి మీద వన్నె చూసిన కార్డును మాత్రం చూడటం ఇదే మొదలు.

హిమబిందు నవ్వలేదు.

"బంగారు పూతేనని నేను చెప్పినా గదా నాయనా."

"చెప్పినావమ్మా."

"నా మాట చాల్లేదా నీకు?"

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అయినా, ఏదో ఒకటి చేయాలి కాబట్టి అనంతయ్య గబగబా కిందికి దిగాడు. భార్య పక్కకు జరిగి దారి ఇచ్చింది, మొహం చూడలేదు. రాళ్ళు చూసే భూతద్దం తెచ్చి కంటికి బిగించుకుని, అరుణ్ చేత కార్డును మళ్ళీ బయటికి తీయించి వెలుగుకు పట్టించి, పంటి వెంట పన్ను చూశాడు. ఆ కన్ను నలభై ఏళ్ళ కన్ను. ఇంకొకరి సొత్తును పరీక్ష చేసినట్టే చెప్పాడు.

"మూడు పళ్ళ మీద గీత ఉండాది. రెండిటికి పూత పోయి కింద రాగి కనబడతాంది. మూడోది చివర లేచింది. తప్పు నాదే."

భూతద్దం అరుణ్ తీసుకుని చూశాడు. నిజమేనని తల ఊపాడు. ఇది ఇక పనికిరాదన్నాడు.

అప్పుడు మాట్లాడింది సుందరలక్ష్మి. గొంతు పెంచలేదు. కాఫీ గ్లాసు కిటికీలో పెట్టి మాట్లాడింది.

"పెండ్లైన మూడో దినం నా గాజులు గీసినారు. మా నాయన పెట్టినవి. నేను చూస్తాండంగనే గీసినారు. సరే, అంగడి మనిషి, అలవాటు అనుకున్యా. బిడ్డ మాట గూడా గీసి చూసినారు. వాన్నొక్కన్ని మాత్రం గీయకుండానే కాకిబంగారం అన్యారు."

ఆ మాట అనంతయ్యకు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. మాట మానేసిన భార్య మాట్లాడితే బాగుండునని పొద్దున్నుంచీ అనుకున్నవాడు, ఇక మాట్లాడకుంటే బాగుండుననుకున్నాడు.

ముందుగా తేరుకున్నది హిమబిందే. ఇలాంటి కార్డు ఎక్కడ దొరుకుతుందని అరుణ్‌ను అడిగింది. ప్రొద్దుటూరులో లేదు. హైదరాబాదు నుంచి తెప్పిస్తే రెండు రోజులు. కడపలో మాత్రం ఒకటి ఉంది. ఏసేపు అనే అతను అక్కడ ఆటల సెంటరు నడుపుతున్నాడు, పోటీలు పెట్టడానికని మొన్న తెప్పించుకున్నాడు. అయితే దాన్ని బయటికి ఇవ్వడు. ఒకసారి అరుణ్ అడిగితేనే మొహం మీద లేదన్నాడు.

"చైతన్య అడిగితే ఇస్తాడు" అన్నాడు అరుణ్, అనంతయ్య వైపు చూడకుండా. "ఇద్దరికీ శానా దోస్తీ. ఇప్పుడు చైతన్య ఉండేది గూడా ఏసేపు రూములోనే అనుకుంటా."

హిమబిందు సెల్లు తీసింది. అనంతయ్య చెయ్యి చాచి ఆపాడు. తాను చేస్తానన్నాడు. తన సెల్లు నంబరు చూస్తే వాడు ఎత్తడని తెలుసు, అందుకని ఏసేపు సెంటరు నంబరు అరుణ్‌ను అడిగి రాయించుకున్నాడు. కిందికి దిగి అంగట్లో ఫోను దగ్గర కూర్చున్నాడు. భార్యా కూతురూ వెంట వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు.

అవతల ఏసేపు ఎత్తాడు. చైతన్యను పిలవమన్నాడు. తుపాకుల మోత, పిల్లల కేకలు వినబడుతున్నాయి. ఆ మోత వింటే ఇన్నాళ్ళూ ఒళ్ళు మండేది. ఇప్పుడు అందులో కొడుకు గొంతు ఎక్కడైనా వినిపిస్తుందేమోనని చెవి ఒగ్గి విన్నాడు.

"ఎవరు?" అన్నాడు నాగచైతన్య.

"నేనురా. నీ ఆటల వల్ల కాదు. నేనే ఆ కార్డును గీటురాయి మీద గీసినా. నాకు ఇయ్యాలే తెలిసింది. నిన్ను అనరాని మాట అన్యా."

అనంతయ్య మిగిలింది కూడా చెప్పేశాడు. అక్క పరీక్ష, శుక్రవారం, ఏసేపు దగ్గరున్న కార్డు. వాడు అన్నీ విన్నాడు.

"ఫోను అక్కకియ్యి" అన్నాడు చివరికి.

హిమబిందు అందుకుంది. ఊఁ అంది, సరే అంది, మళ్ళీ ఊఁ అంది. ఒకచోట చిన్నగా నవ్వబోయి ఆపుకుంది. తరువాత ఆమె మొహం మారింది. అట్ల గాదురా అంది. వాడు అవతల ఏదో అన్నాడు. చాలాసేపు విని, సరే నేను చెప్తాలే అని పెట్టేసింది.

కార్డు సంగతి ఏమయిందని సుందరలక్ష్మి అడిగింది. ఏసేపు రేపటి దాకా ఇస్తానన్నాడట. చైతన్య ఇప్పుడే బయల్దేరి తెస్తానన్నాడట. రెండున్నరకు ఇక్కడ ఉంటాడట. ఇన్ని మాటలూ చెప్పి హిమబిందు ఆగింది. తండ్రి వైపు చూడలేక గోడ మీద క్యాలెండరు వైపు చూసింది.

"నాయన ఇంట్లో ఉంటే గడప తొక్కనంటాండాడు. అంగట్లో ఉన్నా సరే రాడంట."

భర్త మీద ఎంత కోపం ఉన్నా, ఇది సుందరలక్ష్మి కోరుకున్నది కాదు. వాడికి తాను ఫోను చేసి చెప్తానంది, తండ్రి మీద అంత పంతమా అంది. అనంతయ్య వద్దన్నాడు. రేపు రాత్రి పిల్ల బస్సెక్కాలి, వాడితో వాదులాడేందుకు టైము లేదన్నాడు. నిజానికి, వాదించేందుకు తన వైపు ఏమీ లేదని ఆయనకు తెలుసు.

"నేనెప్పుడు రావాల్నో చెప్పినాడా?" అని కూతురిని అడిగాడు.

"చెప్పలేదు నాయనా."

ఆయన తల ఊపి, బీరువాకు తాళం వేశాడు. చెప్పులు వేసుకోబోయి ఆగాడు.

"ఆ కార్డు వస్తే వడ్డాణం తిరుగుతాదా?"

"సరిపోతే తిరుగుతాది. రేపు సాయంత్రానికి అంతా అయిపోతే నీకు చూపిస్తా" అంది హిమబిందు. అని, తాను ఏమందో అప్పుడు తెలిసి పెదవి కొరుక్కుంది.

అనంతయ్య బయటికి వచ్చి అంగడి షట్టరు కిందికి లాగాడు. మిట్టమధ్యాహ్నం కావస్తోంది. మే నెల ఎండకు వీధిలో తారు మెత్తబడింది. నలభై ఏళ్ళలో పండక్కో చావుకో తప్ప ఈ వేళకు ఆ షట్టరు పడింది లేదు. ఎదురుగా టీ అంగడి దాసన్న కెటిల్ చేతిలో పట్టుకునే ముందుకొచ్చాడు.

"ఏమప్పా అనంతయ్యా, ఎవరికన్నా బాగలేదా?"

"అదేం లేదప్పా. మా చైతన్య ఇంటికొస్తాండాడు."

దాసన్నకు ఏమీ అర్థం కాలేదు. కొడుకు వస్తుంటే ఇంత ఎండలో నువ్వు యాడికి పోతాండావని అడిగాడు.

అనంతయ్య తువ్వాలు తల మీద కప్పుకున్నాడు. బస్టాండు వైపు పోతే వాడు ఎదురుపడతాడు. అందుకని రెండో వైపు తిరిగాడు.

"వాడొస్తాండాడనే పోతాండా" అన్నాడు.